పక్కన ఎవరో ఒకరుండాలి

"ఇరవై నిమిషాలట మంజూ! నీ ఎనిమిది గంటల పని ఇరవై నిమిషాల్లో తేల్చి పారేస్తుందట," అన్నాడు కేదార్, ఫోన్‌లోంచి తలెత్తకుండానే.

అప్పుడు నేను డైనింగ్ టేబుల్ మీద పాత పేపరు పరుచుకుని గోంగూర తుంచుతున్నాను. ఆదివారం పొద్దున్న. నాలుగు కట్టలు. మా అత్తగారికి పుల్ల గోంగూరే కావాలి, మా మామగారికి పచ్చట్లో ఒక్క కాడ తగలకూడదు, కేదార్‌కి రోట్లో నూరిన రుచి కావాలి కానీ రోలు ఎక్కడ పెట్టాలో తెలియదు. ఈ ముగ్గురి ముచ్చట్లూ తీరేసరికి నా ఆదివారం తీరిపోతుంది. అలాంటి ఆదివారం మధ్యలో ఆ వార్త చెవిన పడింది. మూడు నెలలుగా ఎదురుచూస్తున్న వార్త. కంపెనీవాళ్ళు రెండుసార్లు వాయిదా వేసిన కొత్త వర్క్‌స్టేషన్, అదే మహా వేగంగా పనిచేసే కంప్యూటరు, ఈ నెల ఇరవై ఆరున విడుదలవుతోంది. హైదరాబాదులో మొదటి ప్రదర్శన మా ఇంటికి పది నిమిషాల నడక దూరంలో, పంజాగుట్ట షోరూంలో.

నాకు సంతోషం వేసింది. అబద్ధమెందుకు, గుండె ఝల్లుమంది కూడా. మూడు నెలల క్రితమే నా సంపాదనతో దాన్ని బుక్ చేసుకున్నాను. దాని బొమ్మ నా ఫోన్‌లో దాచుకుని కూరలు తరుగుతూ కూడా చూసుకునేదాన్ని. పెళ్ళిచూపుల ఫోటో కూడా అన్నిసార్లు చూడలేదని కేదార్ ఏడిపించేవాడు. అది నిజమే.

"ఇరవై నిమిషాలేనా?" అన్నారు మా అత్తగారు కుసుమకుమారిగారు వంటింటి గుమ్మంలోంచి. "అయితే మిగతా రోజంతా అమ్మాయికి ఖాళీయేగా?"

చాలా మామూలుగా అన్నారు ఆవిడ. వాన వచ్చేట్టుంది, బట్టలు తీయమ్మా అన్నంత మామూలుగా. నా చేతిలో గోంగూర అలాగే ఆగిపోయింది. మూడు నెలల్లో ఆ యంత్రం గురించి నేను చదవనిది లేదు. ఎంత వేడెక్కుతుందో తెలుసు, ఎంత కరెంటు తాగుతుందో తెలుసు. ఈ ఒక్క సంగతి మాత్రం నాకు తట్టలేదు.

నేను కట్టని ఇళ్ళకి బొమ్మలు వేస్తాను. బిల్డర్లు ప్లాను పంపుతారు. దాన్నిబట్టి కంప్యూటర్లో గోడలు లేపి, గచ్చు పరిచి, సోఫాలు వేసి, కిటికీలోంచి ఎండ పడేలా చేస్తాను. అంతా అయ్యాక రెండర్ అని ఒక బటన్ నొక్కితే, కంప్యూటరు ఆ ఎండనీ నీడనీ లెక్క చూసుకుంటూ, చిన్న చిన్న గళ్ళుగా, అచ్చం ఫోటోలాంటి బొమ్మని తయారుచేస్తుంది. పెళ్ళికి ముందు అమీర్‌పేట మైత్రీవనంలో ఆరు నెలలు నేర్చుకున్న విద్య. నా వంటిళ్ళంటే బిల్డర్లకి మహా ఇష్టం. గట్టు మీద ఎంగిలి గ్లాసు ఉండదు, సింకులో గిన్నె ఉండదు, అసలు మనిషే ఉండదు. అలాంటి వంటింట్లో వంట ఎవరు చేస్తారని ఇప్పటిదాకా ఏ బిల్డరూ నన్నడగలేదు.

నా పాత కంప్యూటరుకి ఒక్క బొమ్మ తయారవడానికి ఎనిమిది గంటలు పడుతుంది. అంతసేపూ దానిమీద ఇంకో పని చేయడానికి లేదు. ఆరేళ్ళ క్రితం దాన్ని కొని మూసేసిన బాల్కనీలో బల్ల వేసుకున్న కొత్తలో, మా మామగారు సూర్యనారాయణగారు క్రికెట్ స్కోరు చూద్దామని ఏదో నొక్కారు. ఏడో గంటలో ఉన్న బొమ్మ కాస్తా పోయింది. ఆ పనికి బిల్డరు ఫోన్లో కేదార్‌నే తిట్టాడు, నా నంబరని మా ఆయన నంబరు ఇచ్చాను కాబట్టి. ఆ సాయంత్రం ఇంట్లో పెద్ద చర్చ. అప్పుడు మా అత్తగారు అడిగారు: "అది నడుస్తున్నంతసేపూ పక్కన ఎవరో ఒకరుండాలా అమ్మాయ్?"

దసరాల్లో ఆవిడ అఖండదీపం పెడతారు. తొమ్మిది రోజులూ దాని పక్కన ఎవరో ఒకరం ఉండాలి, చమురు చూసుకోవాలి, వత్తి ఎగదోయాలి. ఆవిడ ఆ లెక్కలో అడిగారు. ఏ యంత్రానికీ పక్కన మనిషి అక్కర్లేదని, పెట్టి పోతే దాని పని అది చేసుకుంటుందని నాకు తెలుసు. మైత్రీవనంలో మొదటి వారమే చెప్పారు. కానీ ఆ రోజు నేను పొద్దున్న అయిదింటికి లేచి ఉన్నాను. రెండు రకాల టిఫిన్లు, మూడు క్యారేజీలు, పాలు తాగనని ఏడ్చే మా అమ్మాయి దివ్యశ్రీ, అన్నీ అయ్యాయి. నడుము పట్టేసి ఉంది.

"ఉండాలండీ," అన్నాను. "నేనే ఉండాలి."

అంతే. ఆరేళ్ళు ఆ ఒక్క మాట మీద బతికాను.

వారానికి మూడు రోజులో నాలుగు రోజులో రెండర్ ఉండేది. తొమ్మిదిన్నరకల్లా వంట ముగించి, కేదార్‌నీ దివ్యనీ పంపేసి, బాల్కనీలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసేదాన్ని. ఇక అయిదున్నర దాకా నన్నెవరూ ముట్టుకోకూడదు. ఎవరైనా వస్తే మా అత్తగారే చెప్పేవారు, "కోడలు రెండర్‌లో ఉందండీ, పిలవకూడదు," అని. పక్కింటావిడ ఆ మాట విని చెప్పుల చప్పుడు కూడా కాకుండా వెళ్ళిపోయేది. మధ్యాహ్నం అన్నం తినడానికి మాత్రం బయటికి వచ్చేదాన్ని. అప్పుడు మా మామగారు బాల్కనీ గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని నా బదులు కాపలా కాసేవారు. ఎలక్ట్రిసిటీ డిపార్టుమెంటులో ముప్పై మూడేళ్ళు చేసినాయన, డ్యూటీ అంటే డ్యూటీ.

ఆ ఎనిమిది గంటలూ ఏం చేసేదాన్ని? కొన్నాళ్ళు నోటుపుస్తకంలో బొమ్మలు గీశాను. కొన్నాళ్ళు ఫ్లైఓవర్ మీద బళ్ళు చూశాను. మెట్రో రైలు అమీర్‌పేట వైపు వెళ్తుంటే లోపల నిలబడిన మనుషుల్ని చూసేదాన్ని. చాలా రోజులు ఏమీ చేయలేదు. కాళ్ళు బల్ల కిందకి చాపుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, తెర మీద గళ్ళు ఒక్కొక్కటే పూర్తవుతుంటే చూస్తూ కూర్చునేదాన్ని. ఎవరికీ ఏమీ అందించక్కర్లేకుండా, ఎవరి గొంతులోనూ నా పేరు వినబడకుండా. అలా కూర్చున్న రోజు సాయంత్రం నేను దివ్య మీద ఒక్కసారి కూడా అరిచేదాన్ని కాదు.

మరి కొత్త యంత్రం ఎందుకు కావాలనుకున్నానంటే, పని పోతోంది కాబట్టి. ఇప్పుడు బిల్డర్లకి బొమ్మలు చాలడం లేదు, వీడియో కావాలట. గుమ్మంలోంచి లోపలికి నడుచుకుంటూ వెళ్తున్నట్టు. అంటే వేల బొమ్మలు. నా పాత దానితో ఒక్క వీడియో చేయాలంటే మా దివ్య పెళ్ళి నాటికి అవుతుంది. మాదాపూర్ స్టూడియోలు వారంలో ఇస్తున్నాయి. నాలుగు నెలల్లో ఇద్దరు బిల్డర్లు నన్ను వదిలేశారు. కొత్తది రాకపోతే నా పని పోతుంది. వస్తే నా గంటలు పోతాయి. ఆ ఆదివారం గోంగూర ముందు కూర్చుని ఈ రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టుకుని చూసుకున్నాను. మూడో దారి కనపడలేదు.

ఇంట్లో మాత్రం పండగే. మా మామగారు కేలెండర్లో ఇరవై ఆరు చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టారు. అత్తగారు పంచాంగం తీసి, విడుదల ఎప్పుడైనా కానీ ఇంట్లోకి తెచ్చుకునేది మాత్రం ఒకటో తారీఖు దశమి నాడేనని తేల్చారు. రోజూ భోజనాల దగ్గర దాని మాటే. విచిత్రమేమిటంటే దాంతో నేను ఏం చేస్తానని ఒక్కరూ అడగలేదు. అది మిగిల్చే గంటలతో ఎవరికేం కావాలో మాత్రం అందరికీ తెలుసు.

మొదట మా ఆడపడుచు రవళి ఫోన్ చేసింది. అమీర్‌పేటలో, ధరమ్ కరమ్ రోడ్డులో ఉంటుంది. ఏడాదిన్నర పాప. ఒకటో తారీఖున మళ్ళీ ఉద్యోగంలో చేరుతోంది.

"వదినా, అన్నయ్య చెప్పాడు! నాకు ఎంత రిలీఫో తెలుసా? పాపని క్రెష్‌లో వేయాలంటే ప్రాణం ఒప్పుకోలేదు. పొద్దున్న తొమ్మిదికి దింపేసి సాయంత్రం ఏడుకి తీసుకెళ్ళిపోతాను. నువ్వెలాగూ ఇంట్లోనే ఖాళీగా ఉంటావుగా."

"మీ అత్తగారు చూడరా రవళీ?"

"అమ్మో, ఆవిడకి సత్సంగం ఉంది వదినా. ఎలా అడగను?"

రవళి మీద నాకు కోపం రాలేదు. ఉద్యోగం వదులుకోకూడదని నేనే దానికి ఎన్నోసార్లు చెప్పాను. కానీ తన ఉద్యోగానికి దారి తన మొగుడి మీదుగా కాకుండా, వాళ్ళ అత్తగారి మీదుగా కాకుండా, తిన్నగా నా మీదుగానే వెళ్తుందని దానికి అంత ధీమా ఏమిటి? ఆ ధీమా చూస్తే మాత్రం ఒళ్ళు మండింది.

తరవాత మా మామగారి మోకాళ్ళు. వారానికి మూడుసార్లు పంజాగుట్టలో ఫిజియోథెరపీకి తీసుకెళ్ళాలి, ఇన్నాళ్ళూ కుదరక వాయిదా వేశారట. తరవాత కేదార్. మందుల కంపెనీలో సేల్స్ మేనేజరు. "నా రిపోర్టులు కూడా నువ్వే చేసి పెట్టేయొచ్చు మంజూ, అంత ఫాస్ట్ మెషీన్ ఉండగా," అన్నాడు. రిపోర్టులు చేసేది మెషీను కాదు కదండీ అంటే, "అబ్బ, ప్రతిదానికీ ఒక మాట," అన్నాడు.

ఆఖరికి భూలక్ష్మి. ఏడేళ్ళుగా మా ఇంట్లో గిన్నెలు తోమి, ఇల్లు తుడుస్తోంది. ఒకరోజు చీపురు పక్కన పెట్టి బాల్కనీ గుమ్మంలో నిలబడింది.

"ఏమ్మా, గా కొత్త మిషిన్ వస్తే నన్ను బంద్ చేస్తరంట గదా? పెద్దమ్మ చెప్పింది. మీరు ఖాళీగుంటరంట."

"నాతో ఎవరూ అనలేదే భూలక్ష్మీ."

"మీతోని ఎందుకంటరమ్మా? నాతోని అన్నరు గదా. జర ముందుగాల చెప్పుండ్రి, వేరే ఇల్లు చూస్కుంట." కాసేపు నా పాత కంప్యూటర్ వంక చూసింది. "గా డబ్బా వస్తే మీకు రెస్టు దొరుకుతది అనుకున్న నేను. మిమ్ముల సుత గిన్నెల కాడికే దింపుతున్నరు."

నేను మాట్లాడతాను, నువ్వు మానకు అన్నాను. మాట్లాడలేదు. రెండుసార్లు అత్తగారి దగ్గరికి వెళ్ళి, ఉప్పు ఎక్కడుందని అడిగి వచ్చేశాను. ఆ శనివారమే భూలక్ష్మి ఎర్రమంజిల్‌లో వేరే ఇల్లు చూసుకుని మానేసింది. వెళ్ళేముందు నా బల్ల కింద తుడిచి వెళ్ళింది. నా చేతకానితనానికి నాకే అసహ్యం వేసింది.

ఇరవై ఆరున షోరూంకి అందరం బయలుదేరాం. ముందుగా బుక్ చేసుకున్నవాళ్ళు తమ సొంత పని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవచ్చని, విడుదల రోజు దానిమీద పెట్టి చూపిస్తామని చెప్పారు. కోకాపేట బిల్డరుకి చేసిన వంటింటి బొమ్మ తీసుకెళ్ళాను. నేను ఒక్కదాన్నే వెళ్ళాలనుకున్నాను. కానీ మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నారు, అత్తగారు పట్టుచీర తీశారు, కేదార్ సెలవు పెట్టాడు, రవళి పాపనెత్తుకుని మెట్రోలో వచ్చేసింది. కంప్యూటర్ చూడడానికి పట్టుచీరేమిటని నవ్వొచ్చింది గానీ, ఎవరికీ చెప్పలేదు.

షోరూంలో యాభై మంది దాకా ఉన్నారు. మైత్రీవనం ఇన్‌స్టిట్యూట్లవాళ్ళు, కృష్ణానగర్‌నుంచి సినిమా గ్రాఫిక్స్ వాళ్ళు. ఆడవాళ్ళం నలుగురం, అందులో ముగ్గురం మా ఇంటివాళ్ళమే. మధ్యలో బల్ల మీద నల్లటి గుడ్డ కప్పి ఉంది. పదకొండింటికి గుడ్డ తీశారు. చిన్నదే, మా బియ్యం డబ్బా అంత. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ప్రవీణ్ అని షోరూం కుర్రాడు నా పెన్‌డ్రైవే మొదట తీసుకున్నాడు. "మేడం, మీ ఫైలే మస్తు హెవీ ఉంది. దీంతోనే స్టార్ట్ చేద్దాం," అన్నాడు. పెద్ద తెర మీద నా వంటిల్లు. మూలనుంచి గళ్ళు మొదలయ్యాయి. నా పాత దానిమీద ఒక్కో గడికి ఒక టీ తాగొచ్చు. ఇక్కడ గబగబా, చూస్తుండగానే గచ్చు మీద ఎండ పరుచుకుంటోంది. నా వెనకాల ఎవరో "ఎవరు చేశారు భాయ్ ఇది?" అన్నారు. ప్రవీణ్ నన్ను చూపించాడు. ఆరేళ్ళలో నా బొమ్మ ముందు నన్ను చూపించడం అదే మొదలు.

అప్పుడు పాప ఏడ్చింది.

"వదినా, కాస్త బయట తిప్పుతావా? నేను ఇక్కడ వీడియో తీస్తాను, నీకే పనికొస్తుంది," అంది రవళి, పాపని నా చేతుల్లో పెట్టేస్తూ. నేను లేచాను. ఎందుకు లేచానో ఇప్పటికీ తెలియదు. కాళ్ళకి అలవాటు, అంతే. అద్దాల తలుపు బయట, మెట్రో స్తంభం నీడలో, పాపకి రైలు చూపించాను. రెండు రైళ్ళు వెళ్ళాక ఊరుకుంది. అద్దంలోంచి లోపల జనం చేతులు కదలడం కనిపించింది. చప్పట్లు. నా బొమ్మ పూర్తయింది. నేను అక్కడ లేను.

తలుపు తోసుకుని లోపలికి వచ్చేసరికి కేదార్ ప్రవీణ్‌ని అడుగుతున్నాడు.

"అదేంటి, ఆవిడ లేచి బయటికి వెళ్ళిపోయింది కదా. ఆగిపోలేదే?"

"ఎందుకాగుతది సార్?" ప్రవీణ్ నవ్వాడు. "పెట్టి పోవుడే. దాని పని అది చేస్కుంటది."

"అంటే ఈ కొత్తదానికి పక్కన మనిషి ఉండక్కర్లేదన్నమాట."

"కొత్తదేంది సార్, ఏదానికైనా అంతే. ఎంత పాత కంప్యూటరైనా మనిషి ఉండాల్సిన పని లేదు. మా అన్న రెండర్ పెట్టి సినిమాకి పోతడు."

కేదార్ తల తిప్పి నా వంక చూశాడు. మామగారు కూడా చూశారు. రవళి చేతిలో ఫోన్ ఇంకా వీడియో తీస్తూనే ఉంది. నా చంకలో పాప నా మంగళసూత్రం నోట్లో పెట్టుకుంది. తెర మీద నా వంటిల్లు మెరిసిపోతోంది, ఎంగిలి గ్లాసు లేకుండా.

ఇంటికి నడిచి వచ్చాం. గుమ్మంలో చెప్పులు విప్పాక మొదలైంది.

"ఆరేళ్ళు," అన్నాడు కేదార్. "వారానికి నాలుగు రోజులు, రోజుకి ఎనిమిది గంటలు. నేను ఎండలో డాక్టర్ల చుట్టూ తిరుగుతుంటే, అమ్మ ఈ వయసులో వంటింట్లో నిలబడుతుంటే, నువ్వు లోపల తలుపేసుకుని... ఏం చేసేదానివి అక్కడ?"

నేను అందరి చెప్పులూ గోడవారగా సర్దుతున్నాను.

"ఫోన్ ఇలా ఇవ్వు."

ఇచ్చాను. ఇవ్వకపోతే ఇంకేదో అనుకుంటాడని ఇచ్చాను. ఇచ్చినందుకు ఈ రోజుకీ సిగ్గుపడుతున్నాను. సోఫాలో కూర్చుని మెసేజ్‌లన్నీ చూశాడు. బిల్డర్లు, పాలవాడు, దివ్య స్కూలు గ్రూపు. ఏమీ దొరకనందుకు ఇంకా కోపం వచ్చింది అతనికి. ఎవడైనా ఉన్నాడంటే అర్థమయ్యేది, ఎవరూ లేకుండా ఎనిమిది గంటలు ఒక్కతే కూర్చోవడం అతని బుర్రకి ఎక్కలేదు.

"మా డిపార్టుమెంటులో అయితే సస్పెండు చేసేవాళ్ళు," అన్నారు మామగారు, పేపరు చాటునుంచి. ఆయన బాధ ఆయనది. ఆరేళ్ళు అనవసరంగా కాపలా కాశారు.

నా నోటుపుస్తకాలు తెచ్చి చూపించొచ్చు. పద్నాలుగు ఉన్నాయి. ఊరికే కూర్చోలేదు, నేర్చుకున్నాను, అందుకే ఇవాళ షోరూంలో నన్ను చూపించారు అని చెప్పొచ్చు. నాలిక చివరిదాకా వచ్చింది. అలా చెబితే నన్ను కొంచెం క్షమిస్తారు కూడా. కానీ గీసిన గంటలకి క్షమాపణ దొరికితే, గీయని గంటల సంగతేమిటి? నాకు వాటి మీదే ఎక్కువ ప్రేమ. నోరు మూసుకున్నాను.

మర్నాడు పొద్దున్న మా అత్తగారు మడి కట్టుకుని వంట చేస్తున్నారు. మడిలో ఉంటే ఆవిడని ముట్టుకోకూడదు, మధ్యాహ్నం నైవేద్యం అయ్యేదాకా ఇంకో పని చెప్పకూడదు. నేను గుమ్మం ఇవతల నిలబడి కొబ్బరి కోరుతున్నాను.

"నాకు తెలుసు," అన్నారు పప్పు కలుపుతూ, నా వైపు తిరక్కుండానే.

"ఏంటండీ?"

"నువ్వు పక్కన లేకపోయినా అది నడుస్తుందని. మొదటి నెలలోనే చూశాను. నువ్వు స్నానానికి వెళ్ళావు, మీ మామగారు కుర్చీలో నిద్రపోతున్నారు, ఆ గళ్ళు మాత్రం పడుతూనే ఉన్నాయి."

కొబ్బరి చిప్ప నా చేతిలోంచి జారింది. "మరి ఎందుకు చెప్పలేదు?"

"నాకు మడి ఉందిగా," అన్నారు. "తణుకులో పదహారు మంది ఉన్న ఇంట్లోకి కోడలిగా వచ్చాను. తెల్లారి తడిబట్ట కట్టుకున్నానంటే మధ్యాహ్నం దాకా ఒక్కళ్ళు నన్ను ముట్టుకునేవారు కాదు. మీ మామగారు కూడా. అందరూ నా భక్తి అనుకున్నారు." పప్పులో గరిటె తిప్పారు. "కొంచెం భక్తే."

నాకు ఏడుపొచ్చింది. వెళ్ళి ఆవిడని కావిలించుకోవాలనిపించింది, మడి కదా, ఆగిపోయాను. ఆవిడే మళ్ళీ అన్నారు, గొంతు మారిపోయింది:

"నువ్వు తెలివితక్కువదానివి. దాన్ని తీసుకెళ్ళి నలుగురి ముందు పెట్టావు. ఇప్పుడు వాడికి తెలిసిపోయింది. ఇక నేనేం చేయలేను. పాపకి ఉగ్గు నేను కాచిస్తాను. ఎత్తుకోవడం మాత్రం నీదే, నా నడుం పనిచేయదు."

కేదార్ మీద కన్నా నాకు ఆవిడ మీదే ఎక్కువ కోపం వచ్చింది. ఏమీ తెలియనివాడు నా గంటలు పంచిపెట్టాడంటే సరే. అన్నీ తెలిసినావిడ, ఆ రోజు గుమ్మంలో నిలబడి ఖాళీయేగా అని మొదలుపెట్టింది. తనది కాపాడుకుంది, నాది ఇచ్చేసింది. ఆ మాట మొహం మీదే అందామనుకున్నాను. పప్పు పొంగింది, ఆవిడ అటు తిరిగారు.

ఒకటో తారీఖు. పదింటికి ప్రవీణ్ వచ్చి యంత్రం బల్ల మీద పెట్టి వెళ్ళాడు. అత్తగారు దానికి పసుపు కుంకుమ పెట్టారు. రవళి తొమ్మిదికే పాపని దింపేసి, పాల సీసాలు, డైపర్లు, ఉగ్గు పొడి ఏ టైముకి ఏమిటో కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించి పరిగెత్తింది. సింకులో రాత్రి గిన్నెలు అలాగే ఉన్నాయి. కేదార్ మళ్ళీ సెలవు పెట్టాడు. మొదటి రోజు దగ్గరుండి చూడాలట. ఎవరిని చూడాలో చెప్పలేదు.

బాల్కనీలో కూర్చుని కొత్త బిల్డరు హాలు బొమ్మ తెరిచి బటన్ నొక్కాను. కేదార్ సోఫాలోంచి చూస్తున్నాడు. గళ్ళు పడ్డాయి. హాల్లో ఎండ పడింది, కర్టెన్ నీడ పడింది. పద్దెనిమిదో నిమిషంలో పూర్తయిందని తెర మీద వచ్చింది. చాలా బాగా వచ్చింది. నేను చేసిన వాటన్నిట్లోకీ బాగా వచ్చింది.

"అయిపోయిందిగా," అన్నాడు కేదార్, గుమ్మం దగ్గరికి వచ్చి. "ఇంక లే. పాప లేచేట్టుంది. గిన్నెలు కూడా ఉన్నాయి."

చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకున్నాను.

"పని అయిపోయింది," అన్నాను. "నేను మాత్రం అయిదున్నర దాకా ఇక్కడే ఉంటానండీ."

"ఎందుకు? ఇంకో బొమ్మ ఉందా?"

ఉందని చెప్పొచ్చు. ఒకటి కాదు, వంద ఉన్నాయని చెప్పొచ్చు. అతనికి తెలియదు, నమ్ముతాడు. ఇంకో ఆరేళ్ళు గడిచిపోతాయి.

"లేదు. బొమ్మ లేదు."

"మరి ఏం చేస్తావు?"

"ఏమీ చేయను. ఇన్నాళ్ళూ కూడా ఏమీ చేయలేదు. ఊరికే కూర్చున్నాను. ఇక నుంచి రెండర్ ఉన్నా లేకపోయినా కూర్చుంటాను."

అతను ఏదో అన్నాడు. మెల్లగా మొదలుపెట్టి పెద్దగా అన్నాడు. మామగారు కుర్చీలోంచి ఏమిట్రా అన్నారు. అత్తగారు మడి చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని వంటింటి గుమ్మం దాకా వచ్చి, నన్ను చూసి, అక్కడే నిలబడిపోయారు. రవళి ఫోన్ చేస్తుందని, దాని ఉద్యోగం నా మూలంగా పోతుందేమోనని భయం వేసింది. ఈ ఇంట్లో రేపట్నుంచి నాతో ఎవరు ఎలా మాట్లాడతారోనని ఇంకా భయం వేసింది. లేచి తలుపు మూసి, మళ్ళీ వచ్చి కూర్చున్నాను.

అవతల పాప లేచింది. ఏడుపు మొదలైంది. అవతల ముగ్గురు పెద్దవాళ్ళున్నారు.